మాంటరేలో ఒడ్డు నుంచే డైవింగ్: కొత్తవాళ్లు ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ వద్దు

బే ఏరియాలో ఉండే మనవాళ్లలో స్కూబా కార్డు ఉన్నవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. హవాయిలోనో, కాంకూన్‌లోనో, సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు అండమాన్‌లోనో మూడు నాలుగు రోజుల కోర్సు చేసి, ఫొటోలు పెట్టి, కార్డు పర్సులో దాచుకుని, ఆ తర్వాత మళ్లీ నీళ్ల జోలికి పోనివాళ్లే ఎక్కువ. డైవింగ్ అంటే విమానం టికెట్ కొనుక్కుని వెచ్చని సముద్రం వెతుక్కుంటూ పోవడమే అనుకుంటారు. శాన్ హోజేలో పొద్దున్నే కారు తీస్తే గంటన్నరలో మాంటరే. అక్కడ పడవ కూడా అక్కర్లేదు, ట్యాంక్ వీపున వేసుకుని ఇసుకలోంచి నడుచుకుంటూ నీళ్లలోకి వెళ్లిపోవడమే. కాకపోతే నీళ్లు చల్లన, తీరం పొడుగునా గ్రానైట్ రాళ్లు, ఇక కెరటాల సంగతంటారా, ఆర్కే బీచ్‌లో సముద్రం మనుషుల్ని ఎలా లాక్కెళ్తుందో విన్నవాళ్లకి పసిఫిక్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇది ఓపెన్ వాటర్ కార్డు (మొదటి స్థాయి కోర్సు పూర్తిచేస్తే ఇచ్చేది) చేతిలో ఉండి, చల్లని నీళ్లంటే ఇంకా జంకుతున్నవాళ్ల కోసం. కార్డు లేనివాళ్లు ముందు కోర్సు చేయండి. అది చూపించకపోతే షాపులో ట్యాంక్ అద్దెకి ఇవ్వరు, గాలి కూడా నింపరు, అదే మంచిది కూడా.

చోటు ఎంచుకునేటప్పుడు అందరూ అడిగేది లోపల ఏం కనిపిస్తుందని. ముందు అడగాల్సింది బయటికి ఎలా వస్తామని. దిగేటప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది, ఉత్సాహం ఉంటుంది, కెరటం ఒకటి మీద పడ్డా నవ్వుకుంటూ లేస్తాం. ముప్పావు గంట చన్నీళ్లలో ఉన్నాక వేళ్లు కొయ్యబారిపోయి, కాళ్లు బరువెక్కి, వీపున ట్యాంకూ నడుముకి సీసం వెయిట్లూ పెట్టుకుని ఒడ్డెక్కడం వేరే సంగతి. ఈ తీరంలో కొత్తవాళ్లకి ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది లోతులో కాదు, మోకాలి లోతు నీళ్లలోనే. అందుకే కింద చెప్పే ప్రతి చోటునీ ఒడ్డెక్కే దారిని బట్టే తూచాను.

బయల్దేరే ముందు సముద్రాన్ని చూడండి

ఫలానా బీచ్ కొత్తవాళ్లకి సురక్షితం అని ఎవరైనా అంటే, "ఏ రోజు?" అని అడగండి. నిన్న చెరువులా ఉన్న చోటే ఇవాళ మనిషిని నిలబడనివ్వదు.

ముందురోజు రాత్రి చూడాల్సింది స్వెల్. అంటే ఎక్కడో దూరాన తుఫాన్లు పుట్టించి పంపిన అల. దాని ఎత్తుతో పాటు రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు అన్నది కూడా చూడాలి, మనవాళ్లు చాలామంది వదిలేసేది ఇదే. 4 అడుగుల అల 8 సెకన్లకి ఒకటి వస్తుంటే పెద్ద విషయం కాదు, అదే 4 అడుగులు 17 సెకన్లకి వస్తుంటే దాని వెనకున్న నీటి బలం చాలా ఎక్కువ, ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి బాగా ఎత్తు లేస్తుంది, అడుగున కూడా నీళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి. ఈ ఊపుని సర్జ్ అంటారు, పడవ పడనివాళ్లకి ఇందులోనూ కడుపులో తిప్పుతుంది. సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే బోయల లెక్కలు అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ సైట్‌లో, ఫోన్‌లోనే దొరుకుతాయి. 46042 నంబరు బోయ బయట నడిసముద్రంలో ఏం జరుగుతోందో చెబుతుంది, 46240 పసిఫిక్ గ్రోవ్‌కి దగ్గర్లో ఉంటుంది కాబట్టి మాంటరే ఖాతం లోపలికి అందులో ఎంత వస్తోందో చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని కొన్ని వారాలు ఊరికే చూస్తూ ఉంటే మీకే అలవాటైపోతుంది. బయటి బోయలో 6 అడుగులు దాటి, సెకన్లు 14 పైన ఉంటే కొత్తవాళ్లు ఆ రోజు అక్వేరియం చూసి రావడం నయం. ఇది నా హద్దు. మీరు ఇంకా తక్కువ దగ్గర ఆగినా తప్పేం లేదు.

అక్కడికి చేరాక కూడా వెంటనే బట్టలు మార్చుకోకండి. కాఫీ తాగుతూ పదిహేను ఇరవై నిమిషాలు నీళ్లకేసి చూడండి. అలలు గుంపులుగా వస్తాయి, కాసేపు చిన్నవి, మధ్యలో నాలుగైదు పెద్దవి, మళ్లీ నెమ్మది. రెండే నిమిషాలు చూసి దిగినవాళ్లకి ఆ పెద్దవి నడుం లోతులో ఉండగా ఎదురవుతాయి. వాయవ్యం నుంచి గాలి సాధారణంగా మధ్యాహ్నానికి లేస్తుంది, కాబట్టి పొద్దున ఎనిమిదింటికల్లా నీళ్లలో ఉండేలా చూసుకోండి. పార్కింగ్ కూడా అప్పుడే దొరుకుతుంది.

కాలం విషయంలో మన లెక్క ఇక్కడ తిరగబడుతుంది. నీళ్లు ఎక్కువ చల్లగా ఉండేది జనవరిలో కాదు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఆ నెలల్లో తీరం వెంబడి వాయవ్య గాలి ఆగకుండా వీస్తుంది, భూమి తిరుగుడు వల్ల పైనున్న నీళ్లు ఒడ్డు నుంచి దూరంగా జరుగుతాయి, ఆ ఖాళీలోకి కిందనుంచి చన్నీళ్లు పైకి వస్తాయి. ఆ నీళ్లతో పాటు పోషకాలు కూడా వస్తాయి కాబట్టి పచ్చటి పాచి విజృంభించి, ఒక్కోసారి చెయ్యి చాపితే వేళ్లు మసకగా కనిపిస్తాయి. సముద్రంలో ఇన్ని ప్రాణులు బతుకుతున్నది కూడా ఆ పోషకాల పుణ్యమే, దాన్ని తిట్టుకుని లాభం లేదు. కొత్తవాళ్లకి అన్నిటికంటే మంచి కాలం సెప్టెంబర్ నుంచి నవంబర్ మొదటి వారాల దాకా. గాలి తగ్గుతుంది, నీళ్లు తేటపడతాయి, 30 అడుగుల దూరం కనిపించే రోజులు దొరుకుతాయి. డిసెంబర్ నుంచి పెద్ద స్వెల్స్ మొదలవుతాయి. ఏడాది పొడుగునా నీళ్లు 10 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటాయి, కాస్త అటూ ఇటూ.

బ్రేక్‌వాటర్: మొదటి రెండు మూడు డైవ్‌లు ఇక్కడే

క్యానరీ రో వీధి ఒక చివర శాన్ కార్లోస్ బీచ్ ఉంటుంది, దాన్ని ఆనుకుని కోస్ట్ గార్డ్ వాళ్ల రాళ్ల గోడ సముద్రంలోకి పొడుచుకుని ఉంటుంది. అందరూ పిలిచే పేరు బ్రేక్‌వాటర్. ఉత్తర కాలిఫోర్నియాలో డైవింగ్ నేర్చుకున్నవాళ్లలో చాలామంది మొదట తడిసింది ఇక్కడే. వారాంతాల్లో పొద్దున్నే వెళ్తే పార్కింగ్ నిండా నల్ల సూట్లు వేసుకుని, టార్ప్‌లు పరుచుకుని, క్లాసుల్లో వచ్చిన జనం కనిపిస్తారు. అనుభవం ఉన్నవాళ్లు ఈ చోటంటే కాస్త చిన్నచూపు చూస్తారు. వాళ్ల మాట పట్టించుకోకండి.

ఒడ్డెక్కే దారి సంగతి చెప్పాలంటే, దీన్ని మించింది ఈ తీరంలో లేదు. ఇసుక, నెమ్మదిగా పల్లం, గోడ ఉంది కాబట్టి అల సగం చచ్చి వస్తుంది. పార్కింగ్ నుంచి నాలుగడుగులు వేస్తే నీళ్లు. బాత్రూములు, ఒళ్లు కడుక్కునే షవర్లు ఉన్నాయి. ఇబ్బంది అనిపించి మధ్యలో పైకి వచ్చేస్తే చుట్టూ పదిమంది డైవర్లు ఉంటారు, వాళ్లలో ఒకరిద్దరు ఇన్‌స్ట్రక్టర్లే అయ్యుంటారు.

మొదటిసారి గోడ వెంబడే వెళ్లండి. గోడని కుడి చేతి పక్కన ఉంచుకుని వెళ్తే, తిరిగి వచ్చేటప్పుడు ఎడమ చేతి పక్కన ఉంచుకుంటే చాలు, దారి తప్పే ప్రసక్తే లేదు. లోతు ఇంటిముందు అరుగంత ఎత్తు నుంచి మొదలై మెల్లగా పెరుగుతూ, గోడ చివరికి చేరేసరికి 50 అడుగులు దాటుతుంది. మీరు 30 అడుగుల దగ్గరే ఆగిపోయినా చూడాల్సింది బోలెడు. రాళ్ల సందుల్లో టార్చ్ వేసి చూడండి. ఒంటి నిండా నాచు ముక్కలూ స్పాంజి ముక్కలూ అతికించుకుని పక్కనున్న రాయిలో కలిసిపోయే డెకరేటర్ పీత ఒకటి దొరుకుతుంది. కదిలేదాకా అది పీత అని తెలియదు. కాళ్లు ఎత్తి ఒక అడుగు వేసి, మీరు చూస్తున్నారని గ్రహించి మళ్లీ బిగుసుకుపోతుంది. దాని ముందు రెండు నిమిషాలు ఊపిరి నెమ్మదిగా తీస్తూ ఆగితే మీ టెన్షన్ కూడా దిగిపోతుంది, అదొక చిట్కా అనుకోండి.

గోడ చివర్లో రాళ్ల మీద సీ లయన్స్ గుంపుగా ఉంటాయి. చూడకముందే వినిపిస్తాయి, వినిపించకముందే వాసనొస్తుంది. చిన్నవి నీళ్లలో మీ చుట్టూ చక్కర్లు కొట్టి ఫిన్ (ఈతకి కాలికి తొడుక్కునే రెక్క) కొరికి చూస్తాయి, అది ఆట. పెద్ద మగవి మొహం మీదికి వచ్చి బుడగలు వదిలితే మాత్రం వెనక్కి తగ్గండి, అది ఆట కాదు. గోడ చివర దాటి అవతలికి వెళ్లొద్దు, అది హార్బర్‌కి పడవలు వచ్చిపోయే దారి.

కాస్త ధైర్యం వచ్చాక, దిక్సూచి పట్టుకోవడం అలవాటయ్యాక, మెట్రిడియం ఫీల్డ్ చూడండి. బీచ్ నుంచి బయటికి వెళ్తే నీటి అడుగున పాత పైపు ఒకటి వస్తుంది, దాన్ని పట్టుకుని పోతే సుమారు 50 అడుగుల లోతులో రాళ్ల మీద మోకాలి ఎత్తున తెల్లటి అనెమొనీలు, అంటే పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులు, గుంపులు గుంపులుగా నిలబడి ఉంటాయి. మొదటి డైవ్‌లోనే దీనికి పోవాలని పంతం పట్టకండి. దూరం ఎక్కువ, దారి తప్పి గాలి అయిపోగొట్టుకుని పైన చాలాసేపు ఈదుకుంటూ వచ్చేవాళ్లని ప్రతి వారం చూడొచ్చు. ఒడ్డు మీద నుంచే దారి తెలిసినవాళ్లని అడిగి, వీలైతే వాళ్ల జట్టుతోనే పోండి. డైవర్లు ఇలాంటివి అడిగితే సంతోషంగా చెబుతారు, కొందరైతే ఆపరు.

లవర్స్ పాయింట్, మెకబీ

పసిఫిక్ గ్రోవ్‌లో లవర్స్ పాయింట్ అనే రాతి కొమ్ము ఉంది, దాని చాటున చిన్న ఇసుక బీచ్. వాయవ్యం నుంచి వచ్చే అలని ఆ కొమ్మే కాస్తుంది. లోతు తక్కువ, 30 అడుగుల లోపే ఒక గంట గడిపెయ్యొచ్చు, గ్రానైట్ బండల మధ్య కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు దట్టంగా ఉంటుంది. చిక్కల్లా మెట్లు. రోడ్డు మీద నుంచి బీచ్‌కి మెట్లు దిగాలి, పూర్తి సామానుతో మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ట్యాంక్ ఒకసారి, వెయిట్లు ఒకసారి విడిగా మోసుకోండి. పోటు మీద ఉన్నప్పుడు ఇసుక సన్నబడిపోతుంది, అలలు మెట్ల దాకా వస్తుంటే ఆ రోజుకి వదిలెయ్యండి. ఎండాకాలంలో పిల్లలు, కయాక్‌లు, ఈతగాళ్లతో బీచ్ కిక్కిరిసిపోతుంది కాబట్టి పైకి వచ్చేటప్పుడు తల ఎత్తి చూస్తూ రండి.

ఈ పక్కనున్న సముద్రం ఇంత బాగా ఉండటానికి ఒక పెద్దావిడ కారణం. జూలియా ప్లాట్ అని జీవశాస్త్రవేత్త, 1931లో డెబ్భై ఏళ్లు దాటాక పసిఫిక్ గ్రోవ్ మేయర్ అయ్యారు. క్యానరీల (చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల) వ్యర్థాలతో తీరం కంపు కొడుతున్న రోజుల్లో పట్టుబట్టి ఊరి ముందున్న సముద్రంలో కొంత భాగాన్ని రక్షిత ప్రాంతంగా చేయించారు. ఇప్పుడు ఆ రిజర్వ్‌కి ఆవిడ పేరే ఉంది. లోపల ఏదీ తీయకూడదు, గవ్వ కూడా. పక్కనే స్టాన్‌ఫర్డ్ వాళ్ల హాప్కిన్స్ పరిశోధన కేంద్రం ఉంటుంది, దాని ముందున్న బీచ్‌లో ఎక్కొద్దు, అక్కడ సీల్స్ పిల్లల్ని పెడతాయి.

మెకబీ బీచ్ క్యానరీ రో మధ్యలో హోటళ్ల నడుమ చిన్న ఇసుక ముక్క. సార్డీన్ చేపల క్యానరీలు నడిచినప్పుడు పడవలు ఒడ్డుకి రాకుండా కొంచెం దూరంలో తేలే పెట్టెల్లో చేపలు పోసేవి, అక్కడి నుంచి నీటి అడుగున పైపుల్లో క్యానరీలోకి లాగేవాళ్లు. 1940ల చివర్లో సార్డీన్లు తగ్గిపోయాయి, క్యానరీలు మూతపడ్డాయి, ఆ పైపుల ముక్కలు మాత్రం ఇంకా అడుగున ఉన్నాయి, వాటిల్లో ఆక్టోపస్‌లు కాపురం పెట్టాయి. చోటు బాగుంటుంది, పార్కింగ్ మాత్రం నరకం. మామూలు పనిదినం సెలవు పెట్టుకుని వెళ్తేనే సుఖం.

పాయింట్ లోబోస్: అందం ఎక్కువ, నియమాలూ ఎక్కువే

కార్మెల్‌కి దక్షిణాన ఉన్న ఈ రిజర్వ్‌లో వేలర్స్ కోవ్ అనే చిన్న ఖాతం ఉంది. నా ఓటు అడిగితే మొత్తం తీరంలో అందమైన నీళ్లు ఇవే. డైవ్‌కి ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, రోజుకి కొద్ది జట్లకే అనుమతి, ఒంటరిగా దిగనివ్వరు, గేటు దగ్గర కార్డు చూపించాలి. వారాంతపు స్లాట్లు త్వరగా అయిపోతాయి. 1960లోనే ఇక్కడ నీటి అడుగు భాగాన్ని కూడా రిజర్వ్‌లో కలిపారు, కాబట్టి చేపలకి తరతరాలుగా గాలం అంటే తెలియదు, లింగ్‌కాడ్ లాంటి పెద్ద చేప మీ ముందే బండ మీద పడుకుని మిమ్మల్ని ఎగాదిగా చూస్తుంది.

ఇక్కడ ఇసుక లేదు, కాంక్రీట్ ర్యాంప్. నీళ్లలో ఉన్న కింది భాగానికి పాకుడు పట్టి ఉంటుంది, జారిపడేది అక్కడే. నిలబడి హీరోలా నడవొద్దు, కూర్చుని జరగండి, వచ్చేటప్పుడు చేతులూ మోకాళ్ల మీద పాకండి, ఎవరూ నవ్వరు, అందరూ అలాగే వస్తారు. పాటుకి నీళ్లు బాగా తగ్గినప్పుడు పాకుడు ఇంకా ఎక్కువ బయటపడుతుంది. ఖాతం లోపలే ఉంటే నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, నోరు దాటి బయటికి పోతే పసిఫిక్ మొదలవుతుంది, మొదటిసారి ఆ నోటి దాకా పోవాల్సిన పనే లేదు.

ఒడ్డున పాత గుడిసె మ్యూజియం ఉంటుంది, డైవ్ తర్వాత చూడండి. 1890ల చివర్లో జపాన్ నుంచి కొదానీ గెన్నోసుకే అనే ఆయన వచ్చి ఇక్కడ అబలోనీ (తినే పెద్ద సముద్రపు నత్త) వ్యాపారం పెట్టాడు. జపాన్ నుంచి వచ్చిన డైవర్లకి ఈ చలి పడక, చివరికి ఇత్తడి హెల్మెట్ పెట్టుకుని పైనుంచి గాలి కొట్టించుకునే పద్ధతికి మారాల్సి వచ్చింది. పుట్టినప్పటి నుంచి సముద్రంలో పెరిగినవాళ్ల గతే అది, కాబట్టి మీకు చలేస్తే సిగ్గుపడకండి.

మొనాస్టరీ బీచ్: వద్దు

పాయింట్ లోబోస్‌కి వెళ్లే దారిలోనే హైవే 1 పక్కన కనిపిస్తుంది. ఎదురుగా గుట్ట మీద క్రైస్తవ సన్యాసినుల మఠం, అందుకే ఆ పేరు. కారు ఆపి చూస్తే ఇంతకంటే సులువైన బీచ్ ఉండదనిపిస్తుంది. ఇసుక కాదది, ముతక రవ్వ, అడుగు వేస్తే చీలమండ దాకా కూరుకుపోతుంది. ఒడ్డు ఒక్కసారిగా పల్లం, ఎందుకంటే కార్మెల్ కాన్యన్ అనే నీటి లోయ తీరానికి బాగా దగ్గరగా వస్తుంది. అందువల్ల అల దూరాన విరగదు, సరిగ్గా మీ కాళ్ల దగ్గర విరిగి, కింద రవ్వని లాగేస్తూ మిమ్మల్ని కూడా లాగుతుంది. డైవర్లే కాదు, నీళ్ల అంచున నిలబడ్డ మామూలు జనం కూడా ఇక్కడ పోయారు. స్థానికులు దీన్ని మార్చురీ బీచ్ అని ఊరికే అనలేదు. అనుభవజ్ఞులు నెమ్మదైన రోజు చూసుకుని రెండు చివర్ల నుంచి దిగుతారు, వాళ్లని చూసి మీరు దిగొద్దు. పిల్లల్ని కూడా ఆడనివ్వొద్దు.

చలికి ఏర్పాట్లు

3 మిల్లీమీటర్ల సూట్‌తో ఇక్కడ పని జరగదు. 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్, తలకి హుడ్, చేతులకి గ్లౌజులు, కాళ్లకి మందం బూట్లు, ఇవన్నీ ఉండాల్సిందే, అన్నీ అద్దెకి దొరుకుతాయి. హుడ్ పెట్టుకోగానే గొంతు పట్టేసినట్టు అనిపించి కొంతమంది కంగారు పడతారు. ఇంట్లో టీవీ చూస్తూ పావుగంట పెట్టుకుని కూర్చోండి, ఆ భయం అక్కడే పోతుంది. పొడుగు జడ ఉన్నవాళ్లు బిగించి అల్లుకుని సూట్ లోపలికి వదిలేస్తే హుడ్ సరిగ్గా కూర్చుంటుంది. మగవాళ్లకి ఒక మాట: మీసం ఉంటే మాస్క్‌లోకి నీళ్లు ఉరుస్తూనే ఉంటాయి. ముక్కు కింద సన్నటి గీతలా గీసేసుకోండి, మనసొప్పకపోతే సిలికాన్ గ్రీజు రాసుకోండి.

సూట్ ఎక్కకపోతే పాదానికి ప్లాస్టిక్ సంచి తొడిగి తొయ్యండి, జారిపోతుంది. బట్టలు మార్చుకోవడానికి ఇక్కడి వాళ్లు టోపీ ఉన్న తువ్వాలు అంగీ ఏదో చాలా ఖరీదు పెట్టి కొంటారు. మన లుంగీ ఉండగా అదెందుకో నాకు అర్థం కాదు. పెద్ద ఫ్లాస్క్‌లో వేడినీళ్లు తెచ్చుకోండి, చెయ్యి పట్టేంత వేడికి తొణుపుకుని, దిగే ముందు గ్లౌజుల్లోకి కొంచెం, మెడ దగ్గర సూట్‌లోకి కొంచెం పోసుకుంటే, మొదటి చన్నీళ్ల దెబ్బ తగలదు.

మందం సూట్ తేలుతుంది కాబట్టి వెయిట్లు ఎక్కువ కావాలి, అండమాన్‌లో పెట్టుకున్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఛాతీ లోతు దాటి తేలే చోట, బీసీడీలో (గాలి నింపితే తేల్చే జాకెట్) గాలి మొత్తం తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి నిలబెడితే నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి, ఊపిరి వదిలితే మునగాలి. ఇది దాదాపు ఖాళీ ట్యాంక్‌తో చూడాల్సిన పరీక్ష. నిండు ట్యాంక్‌తో చూస్తే దానికి 5 పౌండ్ల దాకా కలపండి, ఎందుకంటే 80 క్యూబిక్ అడుగుల ట్యాంక్‌లో గాలి బరువే సుమారు 6 పౌండ్లు, డైవ్ చివరికి ఆ బరువులో చాలా భాగం ఉండదు. ఎక్కువ వెయిట్ పెట్టుకుంటే అడుగున ఈడ్చుకుంటూ పోతారు, గాలి తొందరగా అయిపోతుంది.

దిగడం, కెల్ప్, తిరిగి రావడం

నీళ్ల అంచుకి రాకముందే మాస్క్ మొహానికి, రెగ్యులేటర్ (ట్యాంక్ గాలి పీల్చే గొట్టం మూతి) నోట్లో, బీసీడీలో సగం గాలి. ఈ మూడూ లేకుండా ఒక్క అడుగు కూడా తడపొద్దు. ఫిన్స్ చేతిలో పట్టుకుని, తోడు వచ్చినవాళ్ల భుజం పట్టుకుని, పాదాలు ఎత్తకుండా నేలకి రాస్తూ వెళ్లండి. పెద్ద అలల గుంపు వెళ్లిపోగానే కదలాలి, మధ్యలో ఆగి సర్దుకోకూడదు. ఛాతీ లోతులో ఒకరినొకరు పట్టుకుని ఫిన్స్ తొడుక్కుని, అలలు విరిగే చోటు దాటి తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగండి. కుదుటపడకపోతే వెనక్కి రండి. డబ్బులు పోయాయనుకునే ఆలోచన అక్కడ పెట్టుకోకండి.

కెల్ప్ గురించి వినే కథలు చాలా. ఇది రోజుకి అడుగు పైన పెరగగల పెద్ద సముద్రపు నాచు, అడుగున రాతిని పట్టుకుని పైదాకా తాళ్లలా లేచి, పైన చాపలా పరుచుకుంటుంది. ఎండ వచ్చినప్పుడు దాని ఆకుల మధ్య నుంచి వెలుగు కిందికి జారుతుంటే చూడాలి, దానికోసమే ఈ చలంతా భరిస్తాం. తగులుకుంటే గింజుకోవద్దు, తిరిగి చూసుకోవద్దు కూడా, తిరిగితే ఇంకో చుట్టు పడుతుంది. ఆగండి, కొంచెం వెనక్కి జరగండి, లేదా తాడుని రెండు చేతులతో పట్టుకుని బెండకాయ విరిచినట్టు విరవండి, టక్కున తెగుతుంది. లాగితే తెగదు. చిక్కుకునేది ఎక్కువగా ట్యాంక్ వాల్వ్‌కీ, ఫిన్ బకిల్‌కీ, కాబట్టి వేలాడే గొట్టాలన్నీ ముందే ఒంటికి దగ్గరగా కట్టుకోండి. ముఖ్యమైన లెక్క గాలిది: ట్యాంక్ మీటర్‌లో 3000 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండగా దిగితే 2000కి తిరుగుముఖం పట్టండి, కెల్ప్ కిందనుంచే ఖాళీ చోటుకి ఈది, అక్కడ పైకి రావాలి. గాలి మిగలకపోతే కెల్ప్ చాప మధ్యలో తేలి, దాని మీద పాకుతూ రావాల్సి ఉంటుంది, ప్రమాదం కాదు గానీ ఒళ్లు హూనమవుతుంది.

తోడు వచ్చినవాళ్లు కనిపించకపోతే ఒక నిమిషం వెతికి, మెల్లగా పైకి రండి. పైకి వచ్చే ముందు 15 అడుగుల దగ్గర 3 నిమిషాలు ఆగడం మామూలే.

ఒడ్డుకి వచ్చేటప్పుడు అలల జోన్ బయట ఆగి మళ్లీ గుంపుల్ని లెక్కపెట్టండి. పెద్దవి పోయాక, రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని ఈదుతూ రండి. పొట్ట ఇసుకకి తగిలేదాకా ఈదాలి, నడుం లోతులో లేచి నిలబడితే వెనక అల పడేస్తుంది. అల పడేస్తే లేవడానికి ప్రయత్నించకండి, నాలుగు కాళ్ల మీద పాకుతూ పొడి ఇసుక దాకా వచ్చేయండి.

సొరచేపల గురించి అందరూ అడుగుతారు. ఉన్నాయి. 2022 జూన్‌లో లవర్స్ పాయింట్ దగ్గర ఒక ఈతగాడిని కరిచింది, దగ్గర్లో ఉన్నవాళ్లు ఒడ్డుకి చేర్చి బతికించారు. అడుగున ఉండే డైవర్లకి ఇలా జరగడం చాలా అరుదు. మీ జాగ్రత్తంతా కెరటం మీద, చలి మీద, గాలి మీటర్ మీద పెట్టండి. సీ ఆటర్లు (సముద్రపు నీటికుక్కలు) కనిపిస్తే కనీసం 60 అడుగుల దూరం ఉంచండి. బొచ్చు కోసం వేటాడి వాటిని దాదాపు తుడిచిపెట్టేశారు, 1938లో బిగ్ సర్ తీరంలో మిగిలిన చిన్న గుంపు బయటపడింది, ఈ తీరంలో ఇప్పుడున్నవన్నీ వాటి సంతతే.

వచ్చాక ముందు తల తుడుచుకుని టోపీ పెట్టుకోండి, తర్వాతే సామాను. రెగ్యులేటర్, బీసీడీ అదే రోజు మంచినీళ్లతో కడగాలి. డైవ్‌కి ముందు భారీగా తినకండి, తర్వాత మాత్రం పులిహోర డబ్బా తెచ్చుకున్నవాళ్లే అదృష్టవంతులు, క్యానరీ రోలో శాకాహారులకి దొరికేవి తక్కువ. ఇండియాకి ఫ్లైట్ ఉన్నవాళ్లు ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆదివారం రాత్రి ఫ్లైట్ అంటే శనివారం సాయంత్రానికల్లా ట్యాంకులు షాపులో తిరిగి ఇచ్చేసి ఉండాలి.